ఆరో పిన్ను

వీరదుర్గకు ఈ భూమ్మీద అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: తన కూతురు ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి మింగేస్తుందని. పామంటే ఆమెకు భయం లేదు, తుఫానంటే భయం లేదు. ఉప్పుటేటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, వలలో పడ్డ పామును తోక పట్టుకుని విసిరేసిన చెయ్యి. ఎనిమిదో తరగతిలో చదువు మాన్పించినప్పుడు ఏడ్చింది గానీ భయపడలేదు. అలాంటిది, నాలుగు పళ్ళొచ్చిన పద్నాలుగు నెలల సత్యవాణి నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఆమె గుండె జారిపోతుంది.

ఇంకో ఇంట్లో అయితే ఈ భయానికి ఇంత మేత దొరికేది కాదు. సామర్లకోట స్టేషన్ వెనక సందులో వాళ్ళు అద్దెకున్నవి రెండు గదులు. వెనక గదిలో కాపురం, ముందు గదిలో లోకనాథ్ పని. గిటార్లు, వీణలు, వయొలిన్లు, ఎవరు ఏది పట్టుకొచ్చినా బాగుచేస్తాడు. పనితనానికి పేరుంది. కానీ ఆ గదిలో నేలమీద ఉన్న ప్రతి వస్తువూ పసిపిల్ల నోటికి కొలత తీసి చేయించినట్టే ఉంటుంది. చిన్న చిన్న మరలు, తీగల చివరుండే ఇత్తడి పూసలు, ఎముక ముక్కలు, నల్లటి మైనం ఉండలు. వీరదుర్గ రోజూ పొద్దున్న పొయ్యి వెలిగించకముందే ఆ గది ఊడ్చి, దొరికినవన్నీ ఏరి, ఇడ్లీ గిన్నెలో వేసి, గిన్నె అటక మీద పెడుతుంది. పిల్ల పుట్టిన దగ్గర్నుంచి ఆమె ఆ ఇంట్లో ఇడ్లీ వండలేదు.

ఆ గురువారం ఆమె వేసుకున్న ప్లాను చిన్నదే. చర్చిలో గిటారు వాయించే ఎజ్రా తొమ్మిదింటికి వచ్చి తన గిటారు పట్టుకెళ్ళాలి. పదిన్నరకు అతను ఒక పెళ్ళిలో వాయించాలి. రిటైరైన టీచరు మాణిక్యాంబగారి వీణకు మెట్లు నిలపడం నిన్ననే అయిపోయింది. మధ్యాహ్నం ఆవిడ వచ్చి తీసుకెళ్ళాలి. ఒక్కరోజులో ఇంట్లోంచి రెండు వాయిద్యాలు పోతాయి. సామాను తగ్గితే ఆ మేరకు భయమూ తగ్గుతుందని ఆమె లెక్క.

ఏడున్నరకు లోకనాథ్ ముందు గదిలో చాప మీద కూర్చుని గిటారుకు కొత్త తీగలు ఎక్కిస్తున్నాడు. తీగ చివరను గిటారు పొట్ట మీదున్న చిన్న కన్నంలో పెట్టి, పైనుంచి ఒక పిన్ను బిగించాలి. ఆరు తీగలకు ఆరు పిన్నులు. మామూలుగా ఇవి ప్లాస్టిక్‌వి ఉంటాయి. ఎజ్రా మాత్రం ఆన్‌లైన్లో ఇత్తడివి తెప్పించుకున్నాడు. వేలి కణుపంత పొడవు, తళతళలాడుతూ, పిల్లకు బెల్లంముక్కల్లా కనిపించేవి. వాటిని పొద్దున్నే వీరదుర్గ స్వయంగా లెక్కపెట్టింది. ఆరు.

ఆమె వెనక గదిలో బియ్యం కడుగుతోంది. సత్యవాణి గడప దగ్గర కూర్చుని ఏదో పాట పాడుకుంటోంది. ఉన్నట్టుండి పాట ఆగిపోయింది.

పిల్ల ఏడిస్తే ఏ తల్లికైనా కంగారే. వీరదుర్గకు మాత్రం పిల్ల ఊరుకుంటేనే కంగారు.

"ఏవండీ! పిల్ల నోట్లో ఏముందో చూడండి!" అని ఆమె పెట్టిన కేకకు సందు చివర కుక్క లేచింది.

ముందు గదిలోంచి జవాబు లేదు. ఎక్కిళ్ళ లాంటి చిన్న చప్పుడు ఒకటి వచ్చింది. ఆమె తడి చేతులతోనే పరుగెత్తి, పిల్ల నోట్లో వేలు పెట్టి తిప్పింది. రాత్రి అట్టుముక్క ఒకటి బయటపడింది. వెంటనే ఆమె కళ్ళు గిటారు మీదికి పోయాయి. మూడు పిన్నులు దిగి ఉన్నాయి. లోకనాథ్ అరచేతిలో తడితడిగా ఇంకో రెండు.

"ఆరోది ఏదండి?"

లోకనాథ్ గొంతు సవరించుకున్నాడు. "దుర్గా..."

"ఆరోది ఏదండీ అంటుంటే!"

"అదే, ఇందాక నువ్వు..."

"మింగేసింది! బాబోయ్, నా పిల్ల మింగేసింది!"

"అది కాదే, పిల్ల కాదు..."

"పిల్లది కాదు తప్పు, నాకు తెలుసు! దానికేం తెలుసు పాపం! తప్పు మనదే! మీరు మాట్లాడకండి ఇంక!"

అతను చెప్పబోయింది ఆపేశాడు. అది మొదటిసారి.

ఇంటి యజమానురాలు సువార్తమ్మ మేడమెట్లు దిగి వచ్చింది. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. డాక్టర్లు మందు ఇస్తారు గానీ జబ్బు తగ్గించేది ఆయాలేనని ఆవిడ నమ్మకం.

"కంగారు పడకే అమ్మాయ్. నేను చూడని మింగుళ్ళా? రూపాయి బిళ్ళ మింగినోణ్ణి చూశా, బీరువా తాళం మింగినోణ్ణి చూశా. ఆడి చేత అరడజను అరటిపళ్ళు తినిపిస్తే తెల్లారేసరికి బీరువా తెరుచుకుంది. ఉండు, మా ఇంట్లో చక్రకేళి గెలుంది."

"పిన్నిగారూ, ఇది మొనదేలి ఉంటదండి," అంది వీరదుర్గ.

"అందుకే అరటిపండు. గుజ్జు చుట్టూ పట్టుకుని మెత్తగా జారిపోద్ది. ఈలోగా గదిలో సామానంతా బయటపెట్టి వెతుకు. కిందెక్కడైనా దొరికిందా, సరేసరి."

లోకనాథ్ చెయ్యెత్తాడు, బళ్ళో పిల్లాడిలా. "వెతకక్కర్లేదండి. అది కింద లేదు."

"చూశావా!" అంది వీరదుర్గ ఏడుస్తూ. "ఆయనకి కూడా నమ్మకం కుదిరిపోయింది!"

అయిదు నిమిషాల్లో గది మొత్తం బయటికి వచ్చింది. గిటార్లు, పెట్టెలు, చాప, పనిముట్లు. మాణిక్యాంబగారి వీణను ఎవరినీ ముట్టుకోనివ్వకుండా సువార్తమ్మే రెండు చేతులా ఎత్తి, అరుగు మీద దుప్పటి పరిచి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టింది. ఆ అరుగుకు ఎనిమిదింటి నుంచి ఎండ వస్తుంది. ఆ రోజు మే నెల పదో తారీకు.

గదిలో పిన్ను దొరకలేదు. పిల్లకు అరటిపండు పెడితే సగం తిని, సగం జుట్టుకు రాసుకుంది. వీరదుర్గ రెండో పండు తీద్దామని చూస్తే అరటి అత్తంలో మూడు ఖాళీ తొక్కలే ఉన్నాయి. గుమ్మం వెనక నిలబడి లోకనాథ్ నాలుగోది ఒలుస్తున్నాడు.

"పిల్ల కడుపులో పిన్ను పెట్టుకుని మీకు అరటిపళ్ళెలా దిగుతున్నాయండీ?"

"దిగాలనే తింటున్నాను," అన్నాడతను.

ఆమెకు అతన్ని తిట్టే ఓపిక కూడా లేకపోయింది. తల్లికి ఫోన్ చేసింది. అవతల తల్లి చేపల తట్ట దగ్గర బేరంలో ఉంది.

"ముల్లు గుచ్చుకుంటే ఏం చేత్తామే? అన్నం ముద్ద నమలకుండా మింగించు. దాంతో పాటే పోద్ది."

"అమ్మా, దానికున్నవి నాలుగు పళ్ళు. అది ముద్ద మింగితే ముద్దే అడ్డం పడుద్ది."

"అయితే నన్నెందుకు అడిగావే? అమ్మాయ్, బొమ్మిడాయిలు మూడొందలంటే కుదరదు చెప్తున్నా," అని బేరానికొచ్చినావిడతో అంటూ తల్లి ఫోన్ పెట్టేసింది.

వీరదుర్గ వెనక్కి తిరిగేసరికి లోకనాథ్ రాత్రి అన్నం గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు. నిమ్మకాయంత ముద్దలు చేసుకుని, కళ్ళు మూసుకుని, నమలకుండా ఒక్కొక్కటే మింగుతున్నాడు. ఆమె గుమ్మానికి ఆనుకుని చూస్తూ ఉండిపోయింది. నెమ్మదస్తుడు, ఏమీ అనడు అని మూడేళ్ళ క్రితం అందరూ చెప్పి పెళ్ళి చేశారు. ఇంత నెమ్మది ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

తిన్నవాడు తిన్నట్టు లేచి, వెదురుముక్క ఒకటి తీసుకుని పిన్నులా చెక్కడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడు పుల్లలు చెక్కుతారా?"

"ఎజ్రా వచ్చేస్తాడు కదే. ఆ ఇత్తడిది ఇప్పట్లో రాదు."

"ఎలా తెలుసండీ మీకు?"

"అది చెప్దామనే..." అన్నాడు లోకనాథ్. సరిగ్గా అప్పుడే సందులో హారన్ మోగింది.

ఎజ్రా తెల్లచొక్కా ఇస్త్రీ నలగకుండా కారు దిగాడు. కారు ముందూ వెనకా బంతిపూలు, గులాబీలు, అద్దం మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు పేర్లు. కారుకు పూలు కట్టించి, దారిలో గిటారు తీసుకుని, పెళ్ళికొడుకు ఇంటికి తీసుకెళ్ళమని అతనికి అప్పగించారట.

"వదినా, రెడీయేనా మనది?"

"మీ పిన్ను మా పిల్ల మింగేసిందండి," అంది వీరదుర్గ. అని అరుగు మీద కూలబడింది.

ఎజ్రా పిల్ల వైపు, గిటారు వైపు చూశాడు. "ఇత్తడిదేనాండి?" అన్నాడు చివరికి. ఆ మాట తనకే బాగుండలేదనిపించి, "అంటే, మంచిదే కదండి. ఇత్తడైతే ఎక్స్‌రేలో కనపడుద్ది. ఎక్కండి, ఎక్కండి. పది నిమిషాల పని. పెళ్ళికింకా టైముంది," అన్నాడు.

అలా వీరదుర్గ నైటీ మీద తువ్వాలు వేసుకుని, చంకలో అరటిపండు పూసుకున్న పిల్లతో, పెళ్ళికారు వెనక సీట్లో కూర్చుంది. పక్కన లుంగీలో లోకనాథ్. ఇటుపక్క సువార్తమ్మ, గట్టిగా ప్రార్థన చేస్తూ. ఒళ్ళో గిటారు పెట్టుకుని ముందు సీట్లో డ్రైవరు పక్కన ఎజ్రా. రైల్వే గేటు పడింది. పక్కనాగిన బస్సులోంచి జనమంతా వంగి చూశారు.

"పెళ్ళికి ముందే పిల్లా?" అని ఒకాయన.

"రెండో పెళ్ళేమోలెండి," అని ఇంకొకావిడ. "ఆ పెళ్ళికొడుకు మొహం చూడండి, ఎంత భయమో."

నిజమే. లోకనాథ్ మొహం నిండా చెమటలు. "దుర్గా, ఒక మాట..." అన్నాడు. గేటు మీదుగా గూడ్సు బండి వచ్చింది. అరవై పెట్టెలు. అది వెళ్ళేసరికి అతని ధైర్యం కూడా దాంతోనే వెళ్ళిపోయింది.

ఎక్స్‌రే తీసే సత్యప్రసాద్‌కు చిన్నప్పుడు ఆ ఆసుపత్రిలోనే దగ్గరుండి ఇంజక్షన్ పొడిపించిన మనిషి సువార్తమ్మ. అందువల్ల పై గదిలో డాక్టరుగారి చీటీ రెండు నిమిషాల్లో వచ్చింది. పిల్ల చేతులు ఒకరు, కాళ్ళు ఒకరు పట్టుకున్నారు. పిల్ల ఏడ్చిన ఏడుపుకు వీరదుర్గ కూడా ఏడ్చింది. సత్యప్రసాద్ కంప్యూటర్లో బొమ్మ చూసి, దగ్గరికి జరిగి మళ్ళీ చూశాడు.

"ఏం లేదండి. క్లీన్‌గా ఉంది."

"స్తోత్రం!" అంది సువార్తమ్మ.

వీరదుర్గ కదల్లేదు. "సరిగ్గా చూడండి. గొంతులో?"

"లేదండి."

"ఊపిరితిత్తుల్లో?"

"ఇత్తడి కదండి. ఉంటే దీపం పెట్టినట్టు కనపడుద్ది. లేదంటే లేదంతే."

"అయితే ఎక్కడికి పోయిందండి? ఆరున్నాయి, నేనే లెక్కపెట్టాను. కింద లేదు, దాని కడుపులో లేదు. మీ మిషన్లోనే ఏదో తేడా ఉంది. ఇంకోటి తియ్యండి."

"పసిపిల్లకి ఊరికే తియ్యకూడదమ్మా."

"తియ్యండి!" అంది వీరదుర్గ. "తియ్యకపోతే ఈ బల్ల మీంచి లేవను. నాకు నిద్ర పట్టదు. ఇప్పటికే పట్టడం లేదు. ఏడాదిగా పట్టడం లేదు నాకు."

గోడకు ఆనుకున్న లోకనాథ్ నెమ్మదిగా చొక్కా గుండీలు విప్పాడు.

"ఇంకోటి తియ్యండి," అన్నాడు. "పాపకి వద్దు. నాకు."

"మీకెందుకండి?"

"ఊరికే. తీసి చూడండి."

రెండో బొమ్మ వచ్చింది. దీపం పెట్టినట్టే ఉంది. లోకనాథ్ పొట్టలో సరిగ్గా మధ్యన, తల పైకి, మొన కిందికి పెట్టుకుని, పిన్ను ఎంతో క్రమశిక్షణగా నిలబడి ఉంది. ఎజ్రా కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు.

"అదేనండి," అన్నాడు. "తల మీద గీత చూడండి. నాదే."

వడ్రంగి మేకుల్ని పళ్ళ మధ్య పెట్టుకుంటాడు, దర్జీ గుండుసూదుల్ని పెట్టుకుంటాడు. తీగలెక్కించేవాడికి ఒక చెయ్యి తీగ లాగడానికి, ఒక చెయ్యి బిరడా తిప్పడానికి సరిపోతుంది. పిన్నులకు మిగిలేది నోరే. రాజమండ్రిలో లోకనాథ్‌కు పని నేర్పినాయనా అలాగే చేసేవాడు. రోజూ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా లోకనాథ్ ఏది అడిగినా "ఊఁ" అనే అంటాడు. తక్కువ మాట్లాడే మొగుడు దొరికాడని వీరదుర్గ మూడేళ్ళుగా మురిసిపోతూ వచ్చింది.

"చెప్పొచ్చు కదండీ?" అందామె. గొంతులో కోపం కూడా లేదు.

"చెప్పనిచ్చావా? నాలుగుసార్లు మొదలెట్టాను."

"మొదలెట్టి?"

"సువార్తమ్మగారొచ్చారు. తర్వాత సామాను బయటికొచ్చింది. తర్వాత కారొచ్చింది. పూలకారులో కూర్చున్నాక, నేనే మింగాను అని ఎలా చెప్తానే? సిగ్గుండొద్దూ?"

"అసలు ఎలా మింగారండీ అంత మనిషి!"

లోకనాథ్ పిల్ల వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "నువ్వే అరిచావు. పిల్ల నోట్లో ఏముందో చూడమని. ఉలిక్కిపడ్డాను."

రోజుకు వందసార్లు ఆమె ఆ మాట అంటుంది. ఏడాదిలో ఒక్కసారి కూడా, మీ నోట్లో ఏముందండీ అని అడగలేదు.

డాక్టరుగారు బొమ్మ చూసి, నవ్వు ఆపుకోవడానికి కాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. తర్వాత, రెండు మూడు రోజుల్లో అదే పోతుందని, కడుపునొప్పి వస్తే మాత్రం వెంటనే రమ్మని, ఇంక బలవంతంగా ఏమీ తినొద్దని చెప్పారు.

"ఇప్పటికే నాలుగు పళ్ళు, పదకొండు ముద్దలు అయ్యాయండి," అంది వీరదుర్గ.

"దొరికితే నాకు ఇవ్వక్కర్లేదన్నయ్యా," అన్నాడు ఎజ్రా, చాలా మర్యాదగా. "మీ దగ్గరే ఉంచేసుకోండి."

అప్పటికి అతని ఫోన్లో పెళ్ళికొడుకు కాల్స్ పదిహేడు. ఆసుపత్రి మెట్ల మీదే లోకనాథ్ మిగిలిన పిన్నులూ, వెదురుపిన్నూ బిగించి ఇచ్చిన గిటారుతో అతను కారును పరుగెత్తించాడు గానీ, పెళ్ళికొడుకు అప్పటికే బావమరిది మోటారు సైకిలెక్కి చర్చికి చేరుకున్నాడు. పూలకారు ఖాళీగా వెనకాల వెళ్ళింది.

వీరదుర్గ వాళ్ళు ఆటోలో ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది. అరుగు ముందు మాణిక్యాంబగారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ గొడుగు కింద నీడ ఉంది. వీణ మీద లేదు.

వీణ మెట్లను నిలబెట్టేది మైనమే. మే నెల ఎండకు మైనం ఎంతసేపు ఆగుతుంది? ఇరవై నాలుగు మెట్లూ, మలుపులో బస్సులో నిలబడ్డ జనంలా, ఒకే వైపుకు ఒరిగిపోయి ఉన్నాయి. వారం రోజుల పని.

"పాప పిన్ను మింగిందని పక్కింటివాళ్ళు చెప్పారు," అన్నారు మాణిక్యాంబగారు. "ఎలా ఉందమ్మా?"

"పాప కాదండి. మా ఆయన."

మాణిక్యాంబగారు లోకనాథ్‌ను పైనుంచి కిందికి చూశారు. "ఎన్నేళ్ళు?"

"ముప్పై రెండండి."

"ముప్పయ్యేళ్ళు సర్వీసు చేశాను," అన్నారావిడ గొడుగు మూస్తూ. "బలపాలు మింగినవాళ్ళని చూశాను. అందరూ ఒకటో తరగతే." వీణ గురించి ఆవిడ ఒక్క మాటా అనలేదు. వచ్చే గురువారం వస్తానని మాత్రం చెప్పి వెళ్ళారు. తిట్టినా బాగుండేదనిపించింది ఇద్దరికీ.

రెండింటికి ఎజ్రా ఫోన్ చేశాడు. పెళ్ళి బాగా జరిగిందట. ఇత్తడి పిన్నుల కంటే వెదురు పిన్నుకే శబ్దం మెత్తగా వచ్చిందట. మిగతా ఐదూ కూడా అలాగే చెక్కి పెట్టమన్నాడు.

వీరదుర్గ ఆ మాట సగమే విన్నది. సామానంతా మళ్ళీ లోపలికి చేర్చి, నేల ఊడ్చి, మరలు ఏరి, గిన్నె అటకెక్కించి, పిల్ల జుట్టులో అరటిపండు కడిగి, జోకొట్టడానికి గోడకు ఆనుకుని కూర్చుంది. పిల్ల ఇంకా నిద్రపోలేదు. ఆమె నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి పిల్ల నడుము మీద వేసి, ఏడాదిలో మొదటిసారి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

ముందు గదిలో లోకనాథ్ మైనం కరిగించి, వీణ ముందు కూర్చున్నాడు. ఒరిగిన మెట్లు ఒక్కొక్కటే ఊడదీసి, మళ్ళీ నిలపాలి. ఆ పనికి రెండు చేతులూ కావాలి. కాబట్టి వీరదుర్గ లేచేదాకా, సామర్లకోట స్టేషన్ వైపు వచ్చినవాళ్ళు ఎవరైనా ఆ సందులో ఒక్క నిమిషం ఆగి అతన్ని పలకరించి వెళ్ళండి. "ఊఁ" అంటే మాత్రం ఊరుకోవద్దు, నోరు తెరిపించి చూడండి.